చిన్న కార్డే పంపమన్నాను

కాసాపా
ఫిబ్రవరి 9

మద్రీనా,

రెండు చేతులూ జోడించి మీ ఆశీర్వాదం అడుగుతున్నాను.

ఈ ఉత్తరం బస్సు డ్రైవర్ చేతికిస్తున్నాను. మీకిష్టమని అమ్మ చీపా రొట్టెలు కట్టింది. డ్రైవర్‌కి దారిలో ఆకలి వేయకపోతే అన్నీ అందుతాయి.

మేమందరం క్షేమం. మొరోతి కూడా క్షేమం. నా జ్ఞానస్నానానికి జ్ఞానతల్లిగా మీరు తాడు పట్టుకుని తోలుకొచ్చిన పెయ్యదూడకు పుట్టినది కదా, దాని గురించి చెప్పకుండా ఉత్తరం రాస్తే అమ్మ ఊరుకోదు. దాని కూతురు ఇప్పుడు ఏపుగా పెరిగింది. ఆ కూతురి గురించే రాస్తున్నాను.

అసున్సియోన్‌లో లపాచో అనే క్లబ్బు ఉంది. కంప్యూటర్ మీద ఆటలాడే క్లబ్బు. నవ్వకండి. ఈ ఏడాది వాళ్లు అమ్మాయిల జట్టు కడుతున్నారు. మా జిల్లా నుంచి ఒక్కరినే తీసుకుంటారు. జూన్ మొదలు సెప్టెంబరు దాకా ప్రతి శనివారం ఎవరింట్లో వాళ్లు కూర్చుని ఆడాలి. అందరికన్నా పైన నిలిచిన అమ్మాయికి ఏడాది జీతం, రాజధానిలో ఉండటానికి గది. సాధన సాయంత్రాలే కాబట్టి పగలు విశ్వవిద్యాలయానికి వెళ్లొచ్చు. నాకు కావలసింది అదే. విల్యారికాలో ఒక్క ఏడాది చదివి ఆపేసినప్పుడు మా ఇంట్లో ఎవరూ బాధపడలేదు. బడి పూర్తిచేసింది నేనొక్కదాన్నే కాబట్టి అదే ఎక్కువనుకున్నారు. బాధపడింది మీరొక్కరే. అప్పుడు మీరు రాసిన ఉత్తరం ఇంకా నా దగ్గరుంది.

మూతబడిన నెట్ కేఫ్ నుంచి ఒక కంప్యూటర్ తెచ్చుకున్నాను. అన్నీ ఉన్నాయి, గ్రాఫిక్స్ కార్డు తప్ప. అది లేకపోతే బొమ్మ కదలదు, ముక్కలు ముక్కలుగా గెంతుతుంది. శత్రువు నన్ను కాల్చి వెళ్లిపోయాక గాని నాకు కనపడడు.

మీరు ఆ కొట్ల గ్యాలరీలో అవే అమ్ముతారు కదా. మొరోతి కూతుర్ని అమ్మితే వచ్చేదాంట్లో మంచి కార్డు ఏది వస్తుందో చెప్పండి. నాన్నతో ఇంకా అనలేదు. అమ్మతో అన్నాను. "ఆవుని అమ్మి ఆట కొంటావా?" అంది. తర్వాత మళ్లీ తనే, "సునిల్డా ఏమంటుందో అడుగు" అని మీ మీద పెట్టింది.

మీ అరాసెలి

*

సియుదాద్ దెల్ ఎస్తే
ఫిబ్రవరి 27

నా బంగారు అరాసెలీ,

దేవుడు నిన్ను పుణ్యాత్మురాలిని చేయాలి.

చీపాలు అందాయి. డ్రైవర్ మీసాలకి పిండి అంటుకుని ఉంది, అయినా ఏమీ అనలేదు.

ఫోన్ చేయొచ్చుగా అని మీ అమ్మ అడిగిందట, డ్రైవర్ చెప్పాడు. ఎలా చేస్తానే, నాకు మాట వినపడితే కదా. గ్యాలరీ పని అయ్యాక ఎర్నాందారియాస్‌లో ఒక షెడ్డుకి వెళ్తున్నాను. కంప్యూటర్ నాణేలు, అదే క్రిప్టో అంటారే, అవి తవ్వే షెడ్డు. ఆనకట్ట పక్కన కరెంటు చవక అని పెట్టారు. లోపల నువ్వడిగే కార్డులే, కోళ్లఫారంలో కోళ్లలాగా వరసలు వరసలుగా, రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటాయి. ఆ హోరుకి నా ఎడమ చెవి పోయింది, కుడిది పోబోతోంది. నా పని వాటిని తుడవడం. ఫ్యాన్లు విప్పి, దుమ్ము ఊది, తుడిచినదానికి గుర్తుగా లోపలి రేకు మీద గోళ్లరంగు చుక్క పెట్టి మళ్లీ బిగిస్తాను. లేకపోతే మేస్త్రీ నన్ను నమ్మడు. నీ పదిహేనో పుట్టినరోజుకి పంపానే, ఆ ముత్యపు గులాబీ రంగు, అదే. నా గోళ్లకి మిగలడం లేదు, అంతా వాటికే.

గ్యాలరీ సంగతి చెప్తాను విను. వంతెన దాటి బ్రెజిల్ వాళ్లు వస్తారు. కార్డు కొంటారు, పెట్టె మాకే పారేస్తారు. పెట్టెతో వెళ్తే కస్టమ్స్ వాళ్లు ఆపుతారు కదా. కార్డుని పొట్టకి కట్టుకుని పైన చొక్కా దించుకుంటారు. నిన్న ఒకాయన బండపొట్ట మీద మూడు కట్టుకుని, "కవల పిల్లలా, ముగ్గురా?" అని నేనడిగితే, "ఇంకోటి ఇవ్వు దోన్యా, నాలుగోది వీపున మోస్తా" అన్నాడు. మెట్ల నిండా ఖాళీ పెట్టెలే, తళతళలాడే కొత్త పెట్టెలు. పారేయబుద్ధి కాక ఇంటికి మోసుకొచ్చి చలిబట్టలు దాచుకుంటున్నాను.

నీ డబ్బుకి రెండు రకాలొస్తాయి. ఒకటి చిన్నది, ఒక్క ఫ్యాను, కొత్తది, ఏడాది గ్యారంటీ. రెండోది పెద్దది, మూడు ఫ్యాన్లు, కాకపోతే వాడినది. ఏది కావాలో నువ్వే తేల్చుకో. చదువుకున్నదానివి.

ముద్దులతో
నీ మద్రీనా

*

కాసాపా
మార్చి 20

మద్రీనా,

రెండు చేతులూ జోడించి మీ ఆశీర్వాదం అడుగుతున్నాను.

తేల్చుకున్నాను. చిన్నదే. తొందరపడి రాయడం లేదు. అన్నీ చదివాను, పోల్చి చూశాను.

పెద్దది బొమ్మని అందంగా చూపిస్తుంది, నిజమే. గడ్డిపోచ మీద వెలుగు కూడా కనిపిస్తుందట. నేను గడ్డి చూడటానికి ఆడటం లేదు. బొమ్మ నాణ్యత తగ్గించి పెట్టుకుంటే ఈ ఆటకి చిన్నది సరిపోతుంది, ఇంకా మిగులుతుంది కూడా. పైగా మా వీధిలో కరెంటు ఎలా ఉంటుందో మీకు తెలుసు. పొరుగాయన వెల్డింగ్ మొదలుపెడితే మా బల్బు కళ్లు మూస్తుంది. నా పవర్ సప్లై పాతది. పెద్దది తాగే కరెంటు అది ఇవ్వలేదు. అన్నింటికీ మించి, వాడిన కార్డు ఎక్కడ వాడారో ఎవరు చెప్తారు? మీరు రాసిన షెడ్డులాంటి చోట రెండేళ్లు ఊపిరాడకుండా తిరిగినది నాకొస్తే, సరిగ్గా గెలవాల్సిన శనివారం నాడే పోతుంది.

దాయానాకి కూడా ఇదే చెప్పాను. దాయానా మా వెనక వీధి అమ్మాయి, మా జిల్లాలో నాతో పోటీపడేది తనొక్కతే. "నీ రహస్యాలన్నీ నాకే చెప్తున్నావు, తర్వాత ఏడవకు" అంది. "నేర్పించి మరీ ఓడిస్తా" అన్నాను. వాళ్ల మామయ్య ఓవియెదోలో ఒక కొట్లో చిన్నది కొనిపెడుతున్నాడు.

నాన్న ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడంటే, "నీ జ్ఞానతల్లి ఇచ్చిన సొత్తు, నీదీ ఆవిడదీ, మధ్యలో నేనెవర్ని" అన్నాడు. నిన్న మొరోతి కూతుర్ని తోలుకెళ్లారు. వాకిట్లోంచి వెళ్తూ అది వెనక్కి చూడలేదు. మొరోతి మాత్రం సాయంత్రం దాకా అరిచింది.

డబ్బు డ్రైవర్‌తో కాకుండా బ్యాంకులో వేశాను. అందగానే రాయండి. ఒక్క ఫ్యాను, కొత్తది, గ్యారంటీ కాగితంతో. మీ చేతి మీదుగా వస్తుందంటేనే ధైర్యంగా ఉంది.

మీ అరాసెలి

*

సియుదాద్ దెల్ ఎస్తే
మే 2

నా బంగారు అరాసెలీ,

దేవుడు నిన్ను పుణ్యాత్మురాలిని చేయాలి.

ఆలస్యమైందని కోపం వద్దు. డబ్బు అప్పుడే అందింది. షెడ్డు మూసేశారు. కరెంటు ధర పెంచారట, నాణెం ధర పడిందట, ఏదో అయింది. ఒకరోజు పొద్దున వెళ్లేసరికి హోరు లేదు. అంత నిశ్శబ్దం చూసి నా చెవులు పూర్తిగా పోయాయనుకున్నాను. నాలుగు నెలల జీతం ఆపి ఉంచారు. దాని బదులు ఏదో చేతిలో పెట్టి పొమ్మన్నారు. ఆ సంగతి వదిలెయ్.

నీకో శుభవార్త. పెద్దది పంపుతున్నాను! మూడు ఫ్యాన్లది. కొత్తది, పెట్టెతో. నీ డబ్బుకి రాదు, మిగతాది నేను వేసుకున్నాను. వద్దనకు. ఒక్కగానొక్క జ్ఞానపుత్రికవి. మన ఆడపిల్లలకి అంత పెద్ద పండగ, నీ పదిహేనో పుట్టినరోజుకి గోళ్లరంగు సీసా తప్ప ఏమీ ఇవ్వలేకపోయానని నాకు లోలోపల ఉండేది. పవర్ సప్లై కూడా ఒకటి పెట్టాను, కరెంటు గురించి భయపడకు.

ఒక్క మాట. మరలు విప్పొద్దు. సీలు తెగితే గ్యారంటీ ఉండదు. గ్యారంటీ కాగితం కొట్టు పేరు మీద ఉంటుంది కాబట్టి నా దగ్గరే ఉంచుకున్నాను. ఏదైనా అయితే నేనున్నాను కదా.

గెలువు. గ్యాలరీ అంతా చెప్పుకున్నాను, మా అమ్మాయి టీవీలో వస్తుందని.

నీ మద్రీనా

*

కాసాపా
మే 15

మద్రీనా, మద్రీనా, మద్రీనా,

రెండు చేతులూ జోడించి మీ ఆశీర్వాదం అడుగుతున్నాను, కాళ్లు కూడా జోడించగలిగితే జోడించేదాన్ని.

చిన్నది చాలని అంత పొడుగ్గా రాశాను, నాకు ఇప్పుడు సిగ్గుగా ఉంది. పెట్టె తెరిచినప్పుడు అమ్మ చేతులు తుడుచుకుని వచ్చి నిలబడింది. "ఇంత బరువా! దూడకి తగ్గ బరువే" అంది. నాన్న మూడు ఫ్యాన్లూ వేలితో తిప్పి చూసి, వేసవిలో ఇటు తిప్పుకోవచ్చా అని అడిగాడు.

బిగించాను. తిరిగింది. ఎంత బాగా తిరిగిందంటే, ఆట మొదలుపెట్టి ఆడటం మరిచిపోయి గడ్డి చూస్తూ కూర్చున్నాను. మీతో గడ్డి చూడనన్నాను కదా. నిజంగానే ప్రతి పోచ మీదా వెలుగు ఉంది.

దాయానా చూడటానికి వచ్చింది. దానికి చిన్నదే వచ్చింది, పాపం అనిపించింది. అది నా కార్డుని ముందుకీ వెనక్కీ తిప్పి, "ఏయ్, ఈ మరల తలలు అరిగాయే. కొత్తదాని మరలు ఎవరు తిప్పారు? ఒకసారి విప్పి చూద్దాం, రెండు నిమిషాలు" అంది. నాకు ఒళ్లు మండింది. "మీ మామయ్య కొట్లో కొన్నది నువ్వు విప్పి చూసుకో. ఇది నా జ్ఞానతల్లి పంపింది. ఆశీర్వాదం అడిగిన చేతుల్తో స్క్రూడ్రైవర్ పట్టుకోమంటావా?" అన్నాను. అది నవ్వేసి, "నీ ఇష్టం. నేనైతే పోప్ గారు పంపినా విప్పి చూస్తా" అంది. అమ్మ వంటింట్లోంచి విని, "ఆ పిల్లని తరచు రానివ్వకు" అంది.

మీరు వేసుకున్న డబ్బు మాత్రం తీరుస్తాను. మొదటి జీతంలోనే.

మీ అరాసెలి

*

సియుదాద్ దెల్ ఎస్తే
జూన్ 6

బంగారూ,

దేవుడు నిన్ను పుణ్యాత్మురాలిని చేయాలి.

డబ్బు మాట ఎత్తకు. చెప్తే వినవా? నాకేమీ తీర్చక్కర్లేదు.

ఆ దాయానాకి అసూయ. చిన్న కార్డు వచ్చినవాళ్లకి పెద్ద కార్డు మరలు అరిగినట్టే కనిపిస్తాయి. ఫ్యాక్టరీలో పరీక్షిస్తారే పిల్లా, అప్పుడు తిప్పి ఉంటారు.

నాకు ఒంట్లో బాగుండటం లేదు, ఇంతే రాస్తున్నాను.

నీ మద్రీనా

*

కాసాపా
జూలై 19

మద్రీనా,

రెండు చేతులూ జోడించి మీ ఆశీర్వాదం అడుగుతున్నాను.

మీ ఒంట్లో ఎలా ఉంది? అమ్మ మీ కోసం చర్చిలో కొవ్వొత్తి వెలిగించింది. యెర్బా మాతే టీలో వేసుకోవడానికి మందాకులు కూడా పంపుతోంది. పచ్చగా ఉన్నవి చెవికి కాదట, గుండెకట.

నేను ఇప్పటిదాకా పైనే ఉన్నాను. నా కింద దాయానా. క్లబ్బు నుంచి ఒకావిడ ఫోన్ చేసి, రాజధానిలో ఏ విశ్వవిద్యాలయం అనుకుంటున్నావని అడిగింది. ఇంకా గెలవలేదండీ అన్నాను. "అడిగి ఉంచుకుంటున్నాం" అంది. ఫోన్ పెట్టేశాక ఇంట్లో ఎవరితోనూ చెప్పలేదు. చెప్తే చెడిపోతుందని భయం. మీతో చెప్తున్నాను.

ఒక చిన్న సంగతి అడగాలి. ఏమీ అనుకోకండి. రెండు వారాలుగా ఆట మధ్యలో తెర మీద ఎర్రటి గళ్లు పడుతున్నాయి, తట్టు పోసినట్టు. కాసేపటికి పోతాయి. ఈ జూలై చలిలో, అందరూ దుప్పట్లు కప్పుకుని తిరుగుతుంటే, నా కంప్యూటర్ మీద అమ్మ మేజోళ్లు ఆరేస్తోంది. అంత వేడి. కొత్త కార్డు ఇంత కాగకూడదని చదివాను.

తప్పు నాదేనేమో, కరెంటుదేనేమో. గ్యారంటీ ఉంది కాబట్టి కొట్టులో ఒక్కసారి చూపించగలరా? శనివారం ఆట అవగానే ఆదివారం బస్సులో పంపితే, గురువారం లోపు తిరిగి వచ్చేస్తే చాలు. పోనీ మార్చి చిన్నదే ఇచ్చినా నాకు సంతోషమే. ఆ మాట మీరు పెట్టిన డబ్బుని చులకన చేసి అనడం లేదు.

మీ అరాసెలి

*

సియుదాద్ దెల్ ఎస్తే
ఆగస్టు 8

అరాసెలీ,

దేవుడు నిన్ను పుణ్యాత్మురాలిని చేయాలి.

ఎర్ర గళ్లంటే కరెంటే. నూటికి నూరుపాళ్లు కరెంటే. మీ వీధి వెల్డింగ్ ఆయన్ని శనివారాలు పని ఆపమను. కంప్యూటర్ పక్క మూత తీసేసి ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టు. కిటికీ తెరువు. ఇక్కడ అందరూ అలాగే ఆడతారు.

కొట్టుకి పంపితే నెల రోజులు పెట్టుకుంటారు. అప్పుడు నీ శనివారాలేమవుతాయి? పంపొద్దు. నా మాట విను. ఇంకా ఎన్నో లేవు కదా, ఓపిక పట్టు. దాన్ని ఎక్కువ శ్రమపెట్టకు, మధ్యమధ్య ఆపుతూ ఉండు.

మందాకులు తాగుతున్నాను. మీ అమ్మకి చెప్పు.

నీ మద్రీనా

*

కాసాపా
సెప్టెంబరు 23

మద్రీనా,

ఆశీర్వాదం.

మొన్న శనివారం ఆఖరి ఆట. నాకూ దాయానాకీ మధ్యే. ఆ ఒక్క ఆట గెలిస్తే నాకు గది, జీతం, చదువు.

నాన్న ఇటుకల బట్టీ పని నుంచి ముందే వచ్చి, స్నానం చేసి, ఆదివారం చొక్కా వేసుకుని నా వెనక కూర్చున్నాడు. వెల్డింగ్ ఆయన పని ఆపి, ఆయన కూడా కిటికీ దగ్గర నిలబడ్డాడు, చల్లటి టెరెరే టీ గ్లాసు పట్టుకుని. మీరు చెప్పినట్టే మూత తీశాను, కిటికీ తెరిచాను, ఫ్యాన్ పెట్టాను. ఎండ ముదిరింది కాబట్టి నాన్న అట్టముక్కతో కూడా విసిరాడు.

మొదటి భాగం నేను గెలిచాను. రెండో భాగంలో ముందున్నాను. ఎర్ర గళ్లు వచ్చాయి. గళ్ల మధ్యలోంచే ఆడాను. ఆ తర్వాత తెర నల్లబడింది. ఫ్యాన్లు మాత్రం ఒక్కసారిగా గట్టిగా తిరిగి ఆగిపోయాయి. నాన్న ఇంకా విసురుతూనే ఉన్నాడు. "అయిపోయిందా? గెలిచావా?" అన్నాడు. ఆయనకి అర్థం కాలేదు.

అయిదు నిమిషాల్లో తిరిగి రాకపోతే ఓడినట్టు. అది నియమం. నేను రాలేదు.

దాయానా పరుగెత్తుకుంటూ వచ్చింది. గెలిచిన మనిషి అలా రాదు. "మళ్లీ ఆడిద్దాం, నేను వాళ్లకి చెప్తా" అంది. చెప్పింది కూడా. వాళ్లు ఒప్పుకోలేదు. దాని కార్డు ఒక్క ఫ్యానుది, కొత్తది, గ్యారంటీ కాగితంతో కొన్నది. నేను ఏరి చెప్పినది.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక మరలు విప్పాను. మీరు వద్దన్నారు, అయినా విప్పాను. చిప్ వేడిని లాగే జిగురు కరిగి నూనెలా కారి ఉంది. ఫ్యాన్ల కింద దుమ్ము లేదు. చాలా శుభ్రంగా ఉంది. ఎవరో శ్రద్ధగా తుడిచారు. లోపలి రేకు మీద నాలుగు చుక్కలున్నాయి, ఒకదాని పక్కన ఒకటి, వరసగా. ముత్యపు గులాబీ రంగు.

సీసా తెచ్చి పక్కన పెట్టి చూశాను. నా పదిహేనేళ్లప్పటిది, అడుగున కొంచెం మిగిలింది.

పెట్టె కూడా చూశాను. అంత కొత్త పెట్టె ఎక్కడిదో మీరే ఫిబ్రవరిలో రాశారు. నవ్వుకుంటూ చదివి అమ్మకి వినిపించాను.

ఒక్కటే అడుగుతున్నాను. నేను చిన్నది కావాలని రాశాను కదా. ఎందుకో కూడా రాశాను కదా. ఆ ఉత్తరం మీకు అందలేదా?

అరాసెలి

*

సియుదాద్ దెల్ ఎస్తే
అక్టోబరు 30

అరాసెలీ,

దేవుడు నిన్ను పుణ్యాత్మురాలిని చేయాలి, నువ్వు నా మీద ఎంత కోపంగా ఉన్నా సరే.

అందింది. అన్నీ అందాయి. ప్రతి ఉత్తరం దాచాను, రెండో తరగతిలో పెన్సిల్‌తో రాసినదగ్గర్నుంచి.

ఏం చేయమంటావే? నాలుగు నెలలు ఆ హోరులో చెవులు తగలేసుకుంటే, జీతం బదులు ఒక అట్టపెట్టెలో కార్డులు పెట్టి "అమ్ముకో దోన్యా, నీకు తెలిసిన పనే కదా" అన్నారు. గ్యాలరీలో పెట్టాను. బ్రెజిల్ వాళ్లు వచ్చి యంత్రానికి తగిలించి, గంటసేపు తిప్పి, వాసన చూసి, నవ్వి వెళ్లిపోయారు. "ఇది గనిలో చచ్చిన గాడిదమ్మా" అన్నాడు ఒకడు. ఇంటి అద్దె ఆగింది. కొట్టు అద్దె ఆగింది. అప్పుడే నీ డబ్బు వచ్చింది. దాంతో అద్దె కట్టేశాను. ఆ తర్వాత నీకు చిన్నది కొనడానికి నా దగ్గర ఏముంది? చేతిలో ఉన్నదాంట్లో అన్నిటికన్నా మంచిది ఏరాను. నిజంగా ఏరాను. రెండుసార్లు తుడిచాను. కొత్త జిగురు పెట్టాను, అది నాసిరకమని నాకు తెలీదు. నీ పోటీ అయ్యేదాకా ఆగుతుందనుకున్నాను. దాదాపు ఆగింది కూడా కదా?

పరీక్షించకుండా తీసుకునేవాళ్లు నాకు ఇంకెవరున్నారే?

ఆ మాట రాశాక కొట్టేద్దామనుకున్నాను. కొట్టేయలేదు. నువ్వు చదువుకున్నదానివి, కొట్టేసినా చదువుతావు.

ఊరందరికీ చెప్పకు. మీ అమ్మకి అసలు చెప్పకు. మేమిద్దరం చిన్నప్పుడు ఒకే గ్లాసులో టెరెరే తాగినవాళ్లం.

ఈస్టర్ ముందు పవిత్ర వారానికి రా. గురువారం చీపా కాల్చి పెడతాను. నా ముందుకొచ్చి ఎప్పట్లాగే చేతులు జోడించు, అన్నీ సర్దుకుంటాయి. జ్ఞానతల్లి అంటే చనిపోయేదాకా జ్ఞానతల్లే. దాన్ని ఎవరూ విప్పలేరు.

నీ మద్రీనా

*

కాసాపా
మార్చి 24

దోన్యా సునిల్డా గారికి,

మీ అక్టోబరు ఉత్తరానికి ఇన్నాళ్లు జవాబు రాయలేదు. పవిత్ర వారానికి నేను రావడం లేదని చెప్పడానికి రాస్తున్నాను. నా కోసం పిండి కలపకండి.

దాయానా జనవరిలో అసున్సియోన్ వెళ్లిపోయింది. బస్టాండులో నన్ను పట్టుకుని ఏడ్చింది. అక్కడి విశ్వవిద్యాలయం గేటు ఫొటో పంపింది, లోపలికి మాత్రం వెళ్లలేదట. తనకి చదువు మీద ఆసక్తి లేదు. గదిలో రెండు మంచాలున్నాయట, ఒకటి ఖాళీ. అద్దె సగం కట్టుకుంటే రమ్మంది. కట్టడానికి లేదు.

నేను సంత వీధిలో కంప్యూటర్లు బాగుచేసే కొట్లో పనికి కుదిరాను. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు కార్డులు పట్టుకొస్తారు, ఏది కొనాలో అడుగుతారు. ఎవరు ఇచ్చినదైనా, ఎంత కొత్త పెట్టెలో ఉన్నా, వాళ్ల ఎదురుగానే మరలు విప్పి చూపిస్తాను. మొన్న ఒక ముసలాయన, "మా తమ్ముడు పంపిందమ్మా, విప్పడం ఎందుకు, వాడు బాధపడడూ?" అన్నాడు. "బాధపడనివ్వండి" అన్నాను. ఆయన నన్ను అదోలా చూశాడు. నా నోటి నుంచి ఆ మాట అంత తేలిగ్గా వస్తుందని ఏడాది కిందట నాకు తెలీదు. అది మాత్రం మీ దగ్గరే నేర్చుకున్నాను.

అమ్మకి చెప్పొద్దన్నారు. చెప్పాను. మీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను, మీరు కొట్టేయకుండా ఉంచిన ఆ ఒక్క వాక్యంతో సహా. చివరిదాకా విన్నది. తర్వాత, "అద్దె కట్టలేకపోతే మనల్ని అడగొచ్చుగా, దూడని ఊరికే ఇచ్చేవాళ్లం" అంది. నేను కూడా అదే అనుకున్నాను. మీరు అడిగి ఉంటే ఇచ్చేవాళ్లం. ఆటా లేదు, కార్డూ లేదు, ఆ ఏడాది పోతే పోయిందని ఇచ్చేసేదాన్ని. మీరు నాతో ఆ మాట అనలేకపోయారు. నన్ను మోసం చేయడమే మీకు తేలికనిపించింది.

మొరోతి మళ్లీ ఈనింది. ఈసారి కోడెదూడ.

కార్డుని ఇదే బస్సులో పంపుతున్నాను, మీరు పంపిన పెట్టెలోనే. చలిబట్టలకి పనికొస్తుంది. మరలన్నీ తిరిగి బిగించాను, చుక్కలు తుడవలేదు. గోళ్లరంగు సీసా కూడా లోపలే ఉంది.

నేను రాస్తుంటే అమ్మ పక్కనే నిలబడి ఉంది. తనకి చదవడం రాదు, కానీ మొదటి వరుస ఎప్పుడూ ఎంత పొడుగుంటుందో తనకి తెలుసు. అది లేదని కనిపెట్టింది. పోనీ చివర్లోనైనా ఆశీర్వాదం అడగమంటోంది, పెద్దావిడ, జబ్బుమనిషి, ఆవునిచ్చిన చెయ్యి అంటోంది. ఇంకా ఏదో అంటోంది.

ఉత్తరం ఇక్కడితో ముగిస్తున్నాను.

అరాసెలి